నాలుగో గేటు చెప్పిన అబద్ధం

కార్తీక బహుళ విదియ. పెద్ద పోటు.

పొద్దున్నే నాలుగో గేటు ఆగిపోయిందని కబురు వచ్చింది. సీతారేవు కరకట్ట మీద గేట్లన్నిటికీ ఇంజనీర్ని నేనే, సోలార్ పలకల మీద ఉప్పు కడిగేదాన్నీ నేనే. బకెట్ అక్కడే వదిలేసి పడవెక్కాను.

వెళ్లేసరికి గేటు సగం ఎత్తులో ఇరుక్కుని ఉంది. కింది నుంచి సముద్రం కాలవలోకి తోసుకొస్తోంది. గేటు నడిపే లస్కరు ఏసుపాదం గారు, మరో నలుగురు చేతిచక్రం పట్టుకుని గేటు దించడానికి తంటాలు పడుతున్నారు. కంట్రోలు పెట్టె మీద ఎర్ర దీపం. దాని కింద ఒకే వాక్యం: ప్రోగ్రాం మార్చబడింది.

"నేనేం ముట్టుకోలేదండి, ఇంజనీరమ్మగారూ," అన్నారు ఏసుపాదం గారు ఆయాసపడుతూ. "బేటరీ వైర్లు ఊడదీసి ఉప్పు గోకేనండి. తడారేదాకా ఉండి మళ్లీ బిగించేను. బిగించగానే ఎర్ర లైటొచ్చేసింది."

మా పెట్టెలు కరెంటు అందగానే ముందు తమ ప్రోగ్రాంని తామే పరీక్ష చేసుకుంటాయి. ప్రోగ్రాం మొత్తం చదివి ఒక సంఖ్య లెక్కగడతాయి. దాన్ని హాష్ అంటాం. మనిషికి వేలిముద్ర ఎలాగో ప్రోగ్రాంకి అది అలాగ, లోపల ఒక్క అక్షరం మారినా సంఖ్య మారిపోతుంది. కట్ట సంస్థ ముద్ర వేసి ఇచ్చిన సంఖ్యతో అది సరిపోతేనే గేటు కదులుతుంది. సరిపోకపోతే బిగుసుకుపోయి, ఎవరో తన మీద చెయ్యి వేశారని విజిలెన్సుకి ఫిర్యాదు కూడా పంపుతుంది. వెనక ఒకసారి రొయ్యల చెరువుల కోసం ఎవరో ప్రోగ్రాం మార్చి ఉప్పునీళ్లు లోపలికి వదిలితే రెండు లంకలు పోయాయి. అప్పటి నుంచీ ఈ కాపలా.

నా తాళంచెవి పెట్టి పెట్టెని మళ్లీ మొదలుపెట్టాను. పచ్చ దీపం వెలిగింది. ఏమీ జరగనట్టు గేటు చక్కగా కిందికి దిగింది.

విజిలెన్సు వాళ్లు అప్పుడే పడవ దిగారు.

"మీరొచ్చాక బాగానే నడిచిందా మేడం?"

"నడిచింది."

"అంటే మీరొచ్చేలోపు ఈ లస్కరు అసలు ప్రోగ్రాం తిరిగి పెట్టేశాడన్నమాట."

ఏసుపాదం గారు చక్రం మీద చేతులు అలాగే ఉంచి నావైపు చూస్తున్నారు.

బహుళ చవితి.

విచారణ టీ చల్లారేలోపు అయిపోయింది. పెట్టె ఫిర్యాదు చేసిందంటే అదే సాక్ష్యం. మనిషైతే అబద్ధమాడతాడు గానీ హాష్ ఆడదని చట్టంలోనే రాసుకున్నారు.

మా చీఫ్ ఇంజనీర్ ఇందుమతి గారి గదికి వెళ్లాను. "మేడం, వేసవిలో కొత్త ప్రోగ్రాం వేసిన దగ్గర్నుంచే ఈ ఫిర్యాదులు మొదలై, లస్కర్లు ఒక్కొక్కరే బయటికి పోతున్నారు. అంతకుముందు హాష్‌ని ప్రాసెసరే నింపాదిగా లెక్కగట్టేది. ఇప్పుడు చిప్‌లో ఉన్న ప్రత్యేక యంత్రానికి అప్పగించాం. అది తప్పు లెక్క గడుతోందేమో."

"ఆ యంత్రం ఏ పరీక్షలో తప్పింది తాయారూ?"

"ఇంతవరకూ తప్పలేదు."

"అయితే దానికి ఏసుపాదం మీద పగా?"

గదిలో ఉన్నవాళ్లు నవ్వారు. నాకూ నవ్వు మొహం పెట్టక తప్పలేదు.

మధ్యాహ్నం శిక్ష ప్రకారం ఏసుపాదం గారినీ ఆయన భార్య సువార్తమ్మ గారినీ కట్ట బయటికి పంపేశారు. కట్ట బయట మంచెల పేట ఉంది. సముద్రంలో కర్రలు పాతి కట్టుకున్న గుడిసెలు. తాగడానికి మంచినీళ్లు కావాలంటే కట్ట దగ్గర కుళాయికి పడవలో రావాలి, కార్డు చూపించి పట్టుకోవాలి. సువార్తమ్మ గారు కుట్టుమిషను తలని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు చంకనెత్తుకుని మెట్లు దిగారు. కాళ్ల స్టాండు పడవలో పట్టదన్నారు. అది రేవులో ఉండిపోయింది.

బహుళ సప్తమి. పోటు మందం.

నాలుగో గేటుకి వేరే పెట్టె బిగించి, అసలు పెట్టెని బ్యాటరీ ఊడదీయకుండానే వర్క్‌షాపుకి తెచ్చుకున్నాను. ఆపడం, వెయ్యడం, చూడడం. మళ్లీ ఆపడం. ఎన్నిసార్లు వేసినా పచ్చ దీపమే.

ఎండకేమో అనుకుని రేకు మీద పెట్టి కాల్చాను. చెమ్మకేమో అని అన్నం వారుస్తున్న గిన్నె పక్కన పెట్టాను. కరెంటు తగ్గించి ఇచ్చాను, ఎక్కువ చేసి ఇచ్చాను. ఒకే ప్రోగ్రాంని ప్రాసెసర్ చేత ఒకసారి, యంత్రం చేత ఒకసారి లెక్క కట్టించి పక్కపక్కన పెట్టాను. రెండూ ఒకటే సంఖ్య. యంత్రం ఎంత వేగంగా చెప్తోందంటే, మొన్నటిదాకా టీ తాగి వచ్చేంత సేపు పట్టిన పని ఇప్పుడు కన్ను మూసి తెరిచేలోపు అవుతోంది. ఇది పెట్టినందుకే కదా మాకందరికీ శాలువాలు కప్పారు.

సాయంత్రానికి నాకే అనుమానం వచ్చింది. నిజంగానే ఏసుపాదం గారే ఏదో చేశారా? అలా అనుకోగానే ఎంత హాయిగా అనిపించిందో ఇక్కడ రాసి ఉంచుతున్నాను. ఆయన తప్పు చేసుంటే నేను ఇంటికెళ్లి పడుకోవచ్చు.

బహుళ దశమి.

దొరికింది. నా తెలివివల్ల మాత్రం కాదు.

పొద్దున పెట్టె ఆపి ఉంచగా ఆరో గేటు దగ్గర గుర్రపుడెక్క చుట్టుకుని పంపు ఆగిందన్నారు. వెళ్లి, మోకాలి లోతు బురదలో దిగి, అది తీయించి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. వచ్చి పెట్టెకి కరెంటు ఇచ్చాను.

ఎర్ర దీపం. ప్రోగ్రాం మార్చబడింది.

వర్క్‌షాపుకి తాళం వేసి వెళ్లాను. తాళంచెవి నా మెడలో ఉంది. పెట్టెని ఎవరూ ముట్టుకోలేదు.

మళ్లీ మొదలుపెడితే పచ్చ దీపం. కాసేపు ఆపి వేస్తే పచ్చ దీపమే. బాగా చాలాసేపు కరెంటు లేకుండా ఉంచి వేస్తే ఎర్రది. ఈసారి మెమరీని ఉన్నదున్నట్టు బయటికి తీసి చూశాను. ప్రోగ్రాం అంతా సరిగ్గానే ఉంది, చిట్టచివరి ముక్క మాత్రం చెత్త.

విషయం ఇది. ప్రాసెసర్‌కి పక్కనే ఒక చిన్న గూడు ఉంటుంది. దాన్ని క్యాష్ అంటాం. ప్రోగ్రాంని పెద్ద మెమరీలోకి దించేటప్పుడు ప్రాసెసర్ ముందు ఆ గూట్లో పెట్టుకుని, వీలు చూసుకుని మెమరీలోకి సర్దుతుంది. పాత పద్ధతిలో లెక్క కట్టేదీ ప్రాసెసరే కాబట్టి గూట్లో ఉన్నదీ దానికి కనిపించేది. కొత్త యంత్రానికి గూడు కనిపించదు. అది నేరుగా మెమరీనే చదువుతుంది. చివరి ముక్క ఇంకా గూట్లోనే ఉండగా యంత్రం వచ్చి, మెమరీలో ఉన్న చెత్తని చదివి, లెక్కగట్టి, దొంగా దొంగా అని అరుస్తోంది. యంత్రం తన లెక్కలో తప్పలేదు. దాని ముందు పెట్టినదే తప్పు.

మరి పరీక్షల్లో ఎందుకు పట్టుబడలేదు? ఆపి వెంటనే వేస్తే మెమరీలో అంతకుముందు నడిచిన ప్రోగ్రామే మాసిపోకుండా ఉంటుంది. అదే ప్రోగ్రాం గనక చివరి ముక్క పాతదైనా సరిపోతుంది. చాలాసేపు కరెంటు లేకపోతేనే అది చెరిగిపోతుంది. ఎర్ర దీపం వచ్చినా కాసేపటికి ఆ చివరి ముక్క గూట్లోంచి మెమరీలోకి చేరుతుంది, అందుకే ఆ రోజు నేను మళ్లీ మొదలుపెట్టగానే పచ్చ దీపం వచ్చింది. మేం ఆఫీసులో ఎప్పుడూ ఆపి వెంటనే వేసేవాళ్లం. గేట్ల దగ్గరైతే బ్యాటరీ ఉంటుంది, కరెంటు పూర్తిగా పోనే పోదు.

బ్యాటరీ వైర్లు ఊడదీసి, ఉప్పు గోకి, తడి ఆరేదాకా ఆగిన మనిషికి తప్ప.

మిగతా గేట్లన్నీ తిరిగి చూసి వచ్చాను. బ్యాటరీల మీద ఉప్పు పచ్చగా గడ్డకట్టి ఉంది. రూల్సులో ఉన్న ఆ పని ఇప్పుడు మిగిలిన లస్కర్లలో ఎవరూ చెయ్యలేదు. అందుకే వాళ్లు కట్ట లోపల ఉన్నారు.

దిద్దుబాటు ఒక్క వాక్యం. యంత్రాన్ని పిలిచే ముందు, గూట్లో ఉన్నదంతా మెమరీలోకి సర్దు. అంతే.

బహుళ ద్వాదశి. తుఫాను హెచ్చరిక.

పెట్టెని ఇందుమతి గారి బల్ల మీద పెట్టి చూపించాను. ఆవిడ తెలివైన మనిషి. నేను సగం చెప్పేసరికే మిగతా సగం ఆవిడకి అర్థమైంది. లేచి తలుపు వేసి వచ్చారు.

"అమావాస్యకి తీరం దాటుతుందంటున్నారు," అన్నారు. "కరెంటు మనమే ఆపెయ్యాలి. మబ్బులకి సోలార్ రాదు. బ్యాటరీలు చచ్చిపోతాయి. జనరేటర్లు వేశాక..."

"ఒక్క గేటూ లేవదు మేడం. ఆ గాలిలో గేటు గేటుకీ వెళ్లి తాళంచెవి పెట్టగలిగేవాళ్లూ, కట్ట మీద నిలబడి చక్రం తిప్పగలిగేవాళ్లూ లేరు. గేట్లు తెరిచి ఉండిపోతే సముద్రం వస్తుంది, మూసి ఉండిపోతే పైనుంచి వచ్చే వరదకి లంకలు మునుగుతాయి."

"నీ దిద్దుబాటు ఇవాళ వేస్తే?"

"అన్నీ లేస్తాయి. మీ ముద్ర కావాలి. ముద్ర లేని ప్రోగ్రాంని పెట్టెలు తీసుకోవు."

ఆవిడ కంప్యూటర్ నావైపు తిప్పారు. ముద్ర వెయ్యాలంటే కారణం రాయాలి. రెండే గడులు ఉన్నాయి. లోప నివారణ. వేగం పెంపు.

"లోప నివారణ అంటే ఇది రాజధానిలో కమిటీకి వెళ్తుంది. అది తేలేదాకా ఉన్న ప్రోగ్రాంని ముట్టుకోకూడదు. వేగం పెంపు అంటే ఇప్పుడే నేను వెయ్యగలను. కాకపోతే కింద నువ్వు ఒక మాట రాసి సంతకం పెట్టాలి, పాత ప్రోగ్రాంలో లోపమేదీ లేదని."

"ఉంది కదా మేడం."

"ఉంది."

"అది రాస్తే ఏసుపాదం గారు దొంగ అని నేనే రాసినట్టు."

"ఆయనొక్కడే కాదు తాయారూ. ఈ వేసవి నుంచి బయటికి పంపిన ప్రతి లస్కరూ." ఆవిడ గొంతు తగ్గించలేదు, పెంచలేదు. "లోపల ఎంతమంది ఉన్నారో నీకు తెలుసు. నేనేమీ నిన్ను బెదిరించట్లేదు. కమిటీకే పంపుదామంటే పంపేద్దాం. నువ్వే చెప్పు."

ఆవిడ బెదిరించి ఉంటే నాకు బాగుండేది.

"తుఫాను తర్వాత?" అని అడిగాను.

"తుఫాను తర్వాత చూద్దాం."

సంతకం పెట్టాను. ముద్ర పడింది. పడవలో ప్రోగ్రాం వేసుకుని ఒకటో గేటు నుంచి మొదలుపెట్టాను.

అమావాస్య.

చూసింది చూసినట్టు రాస్తున్నాను.

మంచెల పేట వాళ్లని కట్ట మీది గోడౌన్లోకి చేర్చారు. మేము పక్క గదిలో. కరెంటు ఆపేశాం. కొన్నాళ్లుగా మబ్బే గనక బ్యాటరీలు అనుకున్నదానికన్నా ముందే చచ్చాయి. గేట్లన్నీ గుడ్డివైపోయి చాలాసేపు అలాగే ఉన్నాయి. గాలి కొంచెం తిరిగాక జనరేటర్లు వేశారు.

అన్ని గేట్ల దీపాలూ తెర మీద కనిపిస్తాయి. ఒకటి పచ్చ. రెండు, మూడు పచ్చ. నాలుగు పచ్చ. చివరిదాకా పచ్చే. సముద్రం పైకెత్తినప్పుడల్లా గేట్లు వాటంతటవే మూసుకున్నాయి, పాటు తియ్యగానే తెరుచుకుని లోపలి వరదని వదిలేశాయి. లోపల ఒక్క లంక మునగలేదు.

గదిలో అందరూ కేకలేశారు. ఎవరో నన్ను కావలించుకున్నారు. కిటికీలోంచి చూస్తే మంచెల పేట ఉండాల్సిన చోట నీళ్లు తప్ప ఏమీ లేవు. గోడౌన్ తలుపు దగ్గర ఏసుపాదం గారు తువ్వాలు తలకి చుట్టుకుని నిలబడి నాలుగో గేటువైపు చూస్తున్నారు. నేను ఆ తలుపుదాకా వెళ్లలేదు.

మార్గశిర శుద్ధ చవితి.

సభ పెట్టి సన్మానం చేశారు. గేట్ల ప్రోగ్రాం వేగాన్ని సకాలంలో పెంచి సీతారేవుని కాపాడినందుకట.

సభ అయ్యాక ఇందుమతి గారిని పట్టుకున్నాను. "తుఫాను తర్వాత అన్నారు."

"అప్పీలు వేసుకోమను. ఎవరొద్దన్నారు?" అన్నారు దండ తీసి డ్రైవర్ చేతికిస్తూ.

పడవలో మంచెల పేటకి వెళ్లాను. కొట్టుకొచ్చిన కర్రలే ఏరి మళ్లీ పాతుతున్నారు. ఏసుపాదం గారికి అంతా చెప్పాను. గూడు, మెమరీ, చివరి ముక్క. నా సంతకం సంగతి కూడా చెప్పాను. ఆయన తాడు బిగిస్తూ విన్నారు.

"అయితే నేను సెయ్యలేదని మీకు తెలుసన్నమాట," అన్నారు.

"తెలుసు. అప్పీలు వెయ్యండి, వచ్చి చెప్తాను."

"మీరొచ్చి సెప్తే ఒప్పుకుంటారేంటండి?"

"పెట్టెని తెచ్చి చూపిస్తాను. కళ్లారా చూస్తారు కదా."

సువార్తమ్మ గారు ఆయనకి కర్రలు అందిస్తున్నారు. కుట్టుమిషను తలని నీళ్లు తగలకుండా పైన దూలానికి కట్టి ఉంచారు. తుఫానులో దాన్నే వీపున కట్టుకుని గోడౌన్లోకి వచ్చారట.

శుద్ధ ఏకాదశి.

ఇవాళ అప్పీలు విన్నారు.

విచారణాధికారి పెద్ద వయసాయన, ఓపికగానే విన్నారు. నేను పాత ప్రోగ్రాం వేసి, చాలాసేపు కరెంటు లేకుండా ఉంచిన పెట్టెని ఆయన ముందే వేశాను. ఎర్ర దీపం వెలిగింది. కొత్త ప్రోగ్రాంతో చేసి చూపించాను. పచ్చ దీపం. ఏసుపాదం గారు బెంచీ అంచు పట్టుకుని ముందుకి వంగారు.

అప్పుడు సంస్థ వకీలు లేచి ఒక కాగితం చదివాడు. "పాత ప్రోగ్రాంలో లోపమేదీ లేదు. ఈ మార్పు వేగం కోసమే." కింద నా పేరు, సంతకం, సంస్థ ముద్ర.

"ఇది మీదేనా అమ్మా?" అన్నారు విచారణాధికారి.

"నాదే. కానీ అది నిజం కాదు. తుఫాను వస్తోంది, ముద్ర కోసం అలా రాయాల్సి వచ్చింది."

"అంటే తెలిసే అబద్ధం రాశారా?"

"రాశాను."

"అప్పుడు రాసింది అబద్ధమంటున్నారు. ఇప్పుడు చెప్పేది కాదని నేనెలా నమ్మాలి? ఆ పెట్టె ఇన్నాళ్లూ మీ వర్క్‌షాపులోనే ఉంది కదా. అందులో మీరేం పెట్టారో నాకేం తెలుసు?"

"హాష్ చూడండి సార్, అది అసలు ప్రోగ్రామే..." అంటూనే ఆగిపోయాను. హాష్‌ని నమ్మకండని చెప్పడానికే కదా నేను వచ్చింది.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ముద్ర పడిన కాగితం ఒకటి, ముద్ర లేని మాట ఒకటి. నేను ఏది తీసుకోవాలో చట్టంలో రాసి ఉందమ్మా."

అప్పీలు కొట్టేశారు. నన్నేమీ చెయ్యలేదు. ఒత్తిడిలో ఉన్నట్టున్నారు, కొన్నాళ్లు సెలవు తీసుకోండని ఇందుమతి గారు నా భుజం మీద చెయ్యి వేసి చెప్పారు.

రేవు దగ్గరికి పరిగెత్తాను. వాళ్లిద్దరూ అప్పటికే పడవలో కూర్చున్నారు. ఏసుపాదం గారు తెడ్డు తీసుకుని, "పోనీలెండమ్మా. మీరు సెయ్యగలిగింది మీరు సేసేరు," అన్నారు. నాకోసం అన్న మాట అది. ఆయన మొహంలో మాత్రం ఏమీ లేదు.

"క్షమించండి," అన్నాను ఆవిడవైపు తిరిగి.

ఇన్నాళ్లలో సువార్తమ్మ గారు నాతో మాట్లాడడం అదే మొదలు. "ఆ రోజు మీరు ఆ కాయితం మీద సంతకం పెట్టకపోతే లోపలోళ్లందరూ మునిగిపోదురా?"

"మునిగిపోయేవాళ్లు."

"పిల్లలూ అందరూనా?"

"అందరూ."

ఆవిడ తల ఊపారు.

"రేప్పొద్దున మళ్లీ అలాంటి తుఫానే ఒచ్చి, మళ్లీ ఆ కాయితమే పెడితే?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"మళ్లీ పెడతాను."

"మరింకేం. పెట్టండి," అన్నారు సువార్తమ్మ గారు. "క్షమించమని మాత్రం మమ్మల్ని అడక్కండి."

ఏసుపాదం గారు తెడ్డుతో మెట్టుని తోశారు. పాటు తీస్తోంది, పడవ తేలిగ్గానే వెళ్లిపోయింది.